యోగ్యత కూడా అమానతే

సర్వ స్తోత్రాలూ సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!



పరలోకంలో లెక్క తీసుకోబడక ముందే మన లెక్క మనమే చూసుకోవాలన్న హజ్రత్ ఉమర్ (రజి) హితవును మనం తరచూ వింటూ ఉంటాము. వినగానే నమాజులు, ఉపవాసాలు, జకాతు మనసులో మెదులుతాయి. అది సమంజసమే. కాని రోజుకు ఎనిమిది, పది గంటలు మనం గడిపే దుకాణం, వర్క్‌షాపు, కార్యాలయం ఆ లెక్కలోకి రావడం లేదు. మనకు ఏ పని వచ్చు, ఏది రాదు, మన స్వభావం ఏ బాధ్యతను మోయగలదు అని మనలో ఎందరం నిజాయితీగా ప్రశ్నించుకున్నాము?

దివ్య ఖుర్ఆన్‌లోని ఖసస్ సూరాలో, మూసా (అ)ను పనిలో పెట్టుకొమ్మని మద్‌యన్ వృద్ధునికి ఆయన కుమార్తె సలహా ఇస్తుంది. ఆమె చూపిన అర్హతలు రెండే: బలం, విశ్వసనీయత. నేటి మన వృత్తులలో ఆ బలానికి నైపుణ్యమని పేరు. రెండవది స్వభావానికి చెందినది. పనితనం ఉండీ మాట మీద నిలబడని దర్జీకి పండుగ ముందు బట్టలిచ్చినవారికీ, మంచివాడే గాని వైరింగు సరిగా రాని ఎలక్ట్రీషియనును ఇంటికి పిలిచినవారికీ ఈ రెండూ కలిసి ఉండవలసిన అవసరం వేరుగా చెప్పనక్కరలేదు.

హజ్రత్ అబూజర్ (రజి) సత్యసంధతను దైవప్రవక్త (స) స్వయంగా ప్రశంసించారు. అయినా ఆయన ఒక పదవిని కోరినప్పుడు దైవప్రవక్త (స) ఆయన భుజం తట్టి, మీరు ఈ విషయంలో బలహీనులు, ఇది అమానతు, దాని హక్కు నెరవేర్చని వానికి ప్రళయదినాన అవమానమూ పశ్చాత్తాపమూ అవుతుందనే భావంతో వారించారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఇందులో అబూజర్ (రజి) గౌరవానికి ఏ లోటూ రాలేదు. ఒక పనికి తగకపోవడం పాపం కాదు. తగమని తెలిసీ దానిని తలకెత్తుకోవడంలోనే ప్రమాదమంతా ఉంది.

గల్ఫ్‌కు వెళ్ళాలన్న ఆత్రుతలో, చేయని పనికి అనుభవ పత్రం కొనుక్కునే యువకులు మన మొహల్లాలలో లేరని చెప్పలేము. వెల్డింగు హోల్డరు నాలుగుసార్లు పట్టినవాడు ఐదేళ్ళ వెల్డరునని కాగితం వ్రాయించుకుంటాడు. అక్కడికి చేరిన మొదటి వారంలోనే చేయి నిజం చెప్పేస్తుంది. ఇక్కడేమో తల్లి నగలు తాకట్టులో ఉంటాయి. ఆ కాగితం అబద్ధపు సాక్ష్యం కాదా? అతుకు నిలవక ఎవరికైనా దెబ్బ తగిలితే దానికి జవాబుదారు ఎవరు? మాట వచ్చింది కాబట్టి చెప్పుకోవాలి, తెలియని మసలా అడిగినప్పుడు తెలియదని చెప్పడానికి మింబరు ఎక్కే మేమూ ఒక్కోసారి సంకోచిస్తాము.

దీనికి రెండో వైపు కూడా ఉంది. వచ్చిన విద్యను వినయం పేరిట దాచి, "నసీబులో ఇంతే" అని కూర్చోవడమూ అమానతును పాడుచేయడమే. పదవిని కోరుకోవడం సాధారణంగా మంచిది కాదు. అయినా కరువు రానున్నదని ఎరిగిన యూసుఫ్ (అ), తాను కాపాడగలవాడిననీ, తెలిసినవాడిననీ చెప్పి దేశపు ధనాగారాల బాధ్యతను అడిగారు. అది గొప్ప చెప్పుకోవడం కాదు. ప్రజల ప్రాణాలు అందులో ఉన్నాయి. మూసా (అ) తన మాటలోని తడబాటును ప్రభువు ముందు ఒప్పుకొని, తనకంటే వాగ్ధాటి గల సోదరుడు హారూన్ (అ)ను తోడుగా అడిగారు. లోపం తెలిశాక ఆయన బాధ్యతను వదులుకోలేదు, తగిన సహాయాన్ని కోరారు.

కాబట్టి ఒక రాత్రి ఇషా తరువాత కాగితం తీసుకొని కూర్చుందాము. జనం ఏ పని కోసం మనల్నే వెతుక్కుంటూ వస్తున్నారు? ఏ పనిని మనం రేపటికి వాయిదా వేస్తున్నాము? గిరాకీ గట్టిగా మాట్లాడితే మన నోరు ఎలా ఉంటుంది? పైకం మన చేతిలో పడితే లెక్క నిలుస్తుందా? ఈ జవాబులు మనకు మనమే వ్రాసుకుంటే సగం తీపిగానే ఉంటాయి. విశ్వాసి మరో విశ్వాసికి అద్దం వంటివాడని హదీసులో ఉంది గదా, ఆ కాగితాన్ని పని నేర్పిన ఉస్తాదుకు చూపుదాము. ధైర్యముంటే ఇంటి ఇల్లాలికి కూడా.

అందులో తేలిన లోపాలలో ఒక్కదానిని ఎంచుకుంటే చాలు. యూదుల లిపిని నేర్చుకోమని దైవప్రవక్త (స) ఆదేశించినప్పుడు జైద్ బిన్ సాబిత్ (రజి) చిన్న వయస్సువారు. సగం నెలలోనే నేర్చుకొని ఆయన తరఫున ఉత్తరాలు వ్రాశారు, వచ్చినవి చదివి వినిపించారు. మనకు అంత వేగం ఉండదు. కంప్యూటరులో లెక్కలు వ్రాయడమైనా, ఇన్వర్టరు ఏసీ మరమ్మతైనా, కోపం వచ్చినప్పుడు ఊరకుండడమైనా, వచ్చే రంజాన్ వరకు గడువు పెట్టుకొని, ఎవరి దగ్గర నేర్చుకోవాలో వారి పేరు ఈ జుమా నాడే ఆ కాగితం మీద వ్రాసుకుందాము.

అల్లాహ్ మన చేతులలో శుభాన్నీ, మన మాటలలో సత్యాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.