యాస్నయా పొల్యానా నుండి ఈశ్వరన్ ధర్మరాజ కోవెల వీధికి



పుదుచ్చేరి పట్టణమునకు ఉత్తరమున, కడలి యొడ్డున, వైతికుప్పమను పల్లెకారుల పేట కలదు. ఏటేట మాసిమఘమునాడు చుట్టుప్రక్కల దేవాలయముల యుత్సవమూర్తులు తీర్థవారికై అచ్చటికే వేంచేయును. ఆనాడు ఇసుకలో కాలు మోపుటకు చోటు దొరకదు. తక్కిన దినములలో పడవలు, వలలు, బేరసారములు, అంతియే. ఆ పేటనుండి లోపలికి నడచి తమిళుల వీధులలో ప్రవేశించినచో, ఈశ్వరన్ ధర్మరాజ కోవెల వీధిలో ఒక పాత యిల్లు కనబడును. సుబ్రహ్మణ్య భారతి అందు నివసించెను. నేడది ప్రభుత్వపు స్మారక గృహము.

రచయితల యిండ్లను చూడబోవుట యూరపువారికి చిరకాలపు వాడుక; మనకు క్రొత్త. అట్టి యిండ్లలో తలమానికము రష్యాలోని యాస్నయా పొల్యానా. మాస్కోకు దక్షిణముగా సుమారు 200 కిలోమీటర్ల దూరమున, తూలా నగరపు చేరువ నున్న ఆ పల్లెలో టాల్‌స్టాయి 1828లో జన్మించెను. ‘యుద్ధము–శాంతి’ని, ‘అన్నా కరెనీనా’ను అచ్చటనే రచించెను. 1921లో సోవియట్ ప్రభుత్వము దానిని వస్తుప్రదర్శనశాలగా జేసెను. ఆయన వ్రాతబల్ల, ఆయన పుట్టిన తోలు సోఫా, సుమారు 22,000 గ్రంథములు నేటికిని భద్రముగా నున్నవి. 1941లో జర్మను సైన్యము రాకముందే విలువగల వస్తువులను సైబీరియాలోని తోమ్స్కునకు తరలించిరి. ఆ సైన్యము మరలిపోవుచు ఇంటికి నిప్పు పెట్టగా, అచ్చటి ఉద్యోగులే ఆర్పిరి. ఉద్యోగులమైన మనము ఈ మాటను కొంచెము గర్వముతో చెప్పుకొనవచ్చును!

అయినను అచ్చట మనస్సును పట్టి నిలుపునవి రెండు చోట్లు. ఆ రెంటియందును చూచుటకు వస్తువేమియు లేదు. టాల్‌స్టాయి పుట్టిన పెద్దభవనము 1854లోనే అమ్ముడుపోయి, ఊడదీయబడి, మరియొక చోటికి పోయినది. యౌవనమున జూదమాడి చేసిన అప్పులు దానిని మ్రింగినవి. అది యుండిన చోట నొక రాయి మాత్రము మిగిలినది. రెండవది ఆయన సమాధి. శిలువ లేదు, శిల లేదు, పేరు లేదు; అడవిలో లోయ యంచున గడ్డి మొలచిన మట్టిదిబ్బ. లోకమందలి జనులందరిని సుఖపెట్టు రహస్యము వ్రాసిన పచ్చనికఱ్ఱ యొకటి ఆ చోట పాతిపెట్టబడినదని చిన్ననాడు అన్న నికొలాయి చెప్పిన కథను ఆ వృద్ధుడు మరువలేదు.

ఆస్తి వలదనుకొన్న మనుష్యుని ఆస్తిని దేశము కాపాడుచున్నది. 1881కి తరువాత వెలువడిన తన రచనలను ఎవరైనను అచ్చువేసికొనవచ్చునని ఆయన 1891లో ప్రకటించెను. ఇంట కలహము ముదిరినది. భార్య సోఫియా పక్షమున న్యాయము లేకపోలేదు: పదుముగ్గురు బిడ్డలను కని, భర్త వ్రాతప్రతులను మరల మరల చేతితో నెత్తివ్రాసిన యిల్లాలామె. 1910లో ఒక రాత్రి, ఎనుబదిరెండవ యేట, ఆయన యిల్లు విడిచిపోయి, అస్తాపొవో రైలుస్టేషనులో, స్టేషనుమాష్టరు ఇంట కన్నుమూసెను. పిదప కూతురు అలెగ్జాండ్రా ఆయన రచనలను అచ్చువేయించి, వచ్చిన ధనముతో ఆ యెస్టేటు భూమిని కొని రైతులకు పంచియిచ్చెను.

ఆయన యిల్లు విడిచిన కాలమున భారతి ఇల్లులేని వాడై పుదుచ్చేరిలో నుండెను. ఆంగ్లప్రభుత్వము బంధించునను భయమున 1908లో మద్రాసు విడిచి ఫ్రెంచివారి యేలుబడిలోనికి వచ్చిన ఆయన, పదియేండ్లు ఇచ్చట అద్దె యిండ్లలో బ్రతికెను. వాకిట గూఢచారులు, లోపల లేమి. వంటకు దెచ్చిన బియ్యమును పిచ్చుకలకు చల్లి ఆనందించెనట! వినుటకు ముచ్చటయే, పొయ్యి ముందు కూర్చున్న చెల్లమ్మకు మాత్రము ముచ్చటయై యుండదు. ‘పాంచాలీ శపథము’, ‘కణ్ణన్ పాట్టు’, ‘కుయిల్ పాట్టు’ ఆ లేమిలో పుట్టినవి. 1918లో సరిహద్దు దాటగానే కడలూరులో నిర్బంధింపబడెను. 1921లో, ముప్పదితొమ్మిది నిండకయే, మద్రాసులో మరణించెను. యాస్నయా పొల్యానా ప్రదర్శనశాలయైన యేడును అదియే.

కావున ఈ వీధిలోని యింట తోలు సోఫా కొఱకు వెదకరాదు. ఛాయాచిత్రములు, వ్రాతలు, పుస్తకములు. అంతకు మించి ఆ సంసారమున ఏమియుండెను గనుక? అయితే ఆయన మాటలకు టాల్‌స్టాయి కోరిన గతియే పట్టినది. చేతులు మారిన ప్రచురణహక్కులను 1949లో మద్రాసు ప్రభుత్వము తీసికొని, పిమ్మట ప్రజలపరము చేసినది.

ఆంధ్రదేశమున విజయనగరములో గురజాడవారి యిల్లును, రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగముగారి యిల్లును నిలిచియున్నవి. పంతులుగారు 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి, తమ యాస్తిని దానికే యిచ్చివేసిరి. యాస్నయా పొల్యానా యజమాని ఇంటివారి యెదుట చేయలేకపోయినది అదియే.

ఆ యిండ్లు దూరము. ఈ యిల్లు మనకు నడక దూరము. తెలుగు సుందరమని పాటలో పొగడిన కవి యిల్లిది. ఇచ్చటి బడులలో తమిళము నేర్చిన పిల్లలున్నవారు వారిని వెంట గొనిపోవుట మంచిది. గోడలమీది అక్షరములను చదివి తల్లిదండ్రులకు అర్థము చెప్పవలసినది వారే.