పొలంలో ఒక గాలి, రోడ్డు మీద ఒక గాలి

(రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించి, కాలువ నీటి గురించి, కౌలు కార్డుల గురించి పెద్దలు ఇప్పటికే మాట్లాడారు. నాకిచ్చిన పది నిమిషాల్లో టైర్లలో గాలి గురించి మాట్లాడతానంటే మన కార్యదర్శి గారు నవ్వారు. ట్రాక్టరు కొనేటప్పుడు హార్సుపవరు అడుగుతాం, వాయిదా ఎంతని అడుగుతాం. టైర్లో ఎంత గాలి ఉండాలని అడిగినవాణ్ని నేను చూడలేదు. నేనూ చాలా ఏళ్లు అడగలేదు.

నాకు బుద్ధి వచ్చింది మిచౌంగ్ తుపాను ఏడాది. 2023 డిసెంబరు 5న అది మన బాపట్ల దగ్గరే తీరం దాటింది. వరి పడిపోయింది, చేలో నీళ్లు నిలిచాయి. నీళ్లు తీసి కోత కోశాక, మళ్లీ వాన వస్తుందేమోనన్న భయంతో తడి నేలలోకే ట్రక్కు దించి ధాన్యం ఎత్తాం. ట్రాక్టరు నాదే, నడిపింది మా అబ్బాయి. వెనక టైర్లలో ఉన్నది రోడ్డు మీద లోడు లాగే గాలి. చేలో జానెడు లోతు గాడులు పడ్డాయి. తర్వాత దున్నకుండానే మొక్కజొన్న గింజ గుచ్చాం. మిగతా చేనంతా ఎదిగింది గానీ ఆ గాడుల వెంబడి మొక్క మోకాలెత్తున ఆగిపోయి పసుపు తిరిగింది. గట్టు మీద నిలబడితే ట్రాక్టరు ఎటు వచ్చిందో ఎటు పోయిందో రెండు నెలల తర్వాత కూడా కనపడేది.

మన డెల్టాలో ఇది ఎందుకు ముఖ్యమో ఆలోచించండి. వెనకటి రోజుల్లో వేసవి దుక్కి దున్నేవాళ్లం, నల్లరేగడి ఎండకు నెర్రెలిచ్చి తొక్కుడు కొంత విరిగేది. ఇప్పుడు వరి కోయకముందే మినుము చల్లుతున్నాం, లేదంటే కోసిన వెంటనే జీరో టిల్లేజీలో మొక్కజొన్న, జొన్న వేస్తున్నాం. మధ్యలో నాగలి లేదు. అంటే కోతలప్పుడు చక్రం తొక్కిన తొక్కుడు నేరుగా రెండో పంట వేరు మీద పడుతుంది.

లెక్క కష్టమేమీ కాదు. పంక్చరు షాపులో పాయింట్లు అంటామే, 14 పాయింట్లంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో. టైర్లో గాలి ఎంత ఉందో, పైనేల మీద దాదాపు అంత ఒత్తిడి పడుతుంది. గాలి తగ్గితే టైరు కాస్త వెడల్పుగా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ చోటికి పంచుతుంది, పళ్లు ఎక్కువ సంఖ్యలో నేలను పట్టుకుంటాయి. గాలి ఎక్కువైతే టైరు నడిమి భాగమే ఆనుతుంది, చక్రం జారుతుంది. అయితే లోతున పడే గట్టి పొర సంగతి వేరు. అది గాలితో పోయేది కాదు, ఇరుసు మీద మొత్తం బరువును బట్టి ఉంటుంది. కాబట్టి గాలి తగ్గించాం కదా అని నిండు ట్రక్కును తడి చేలో తిప్పకండి. పైగా ట్రక్కుకి వేసేది లారీ రకం టైరు, అందులో గాలి ట్రాక్టరు వెనక టైరు కన్నా ఎన్నో రెట్లు. ట్రక్కును పుంతలోనే ఆపి ధాన్యం మోసుకురావడం కష్టమే, కూలీ ఖర్చే. నేను ఇప్పుడు అదే చేస్తున్నాను.

మన దగ్గర ఎక్కువగా ఉన్న 40 హార్సుపవరు తరగతి బండ్లకు, 13.6-28 సైజు వెనక టైర్లకు పొలం పనిలో 12 నుంచి 14 పాయింట్లు, రోడ్డు మీద లోడు లాగేటప్పుడు 18 నుంచి 20 దాకా ఉంటే సరిపోతుంది. ఇది అందాజు మాత్రమే. మీ బండి పుస్తకంలో మీ టైరు సైజుకి రాసిన అంకెదే తుది మాట. ఆ పుస్తకం చాలామంది ఇళ్లలో పాలిథిన్ కవరు కూడా విప్పకుండా బీరువాలో ఉంటుంది. దానికన్నా తక్కువకు మాత్రం దించకండి. టైరు పక్కలు చిట్లుతాయి, టైరు రిమ్ము మీద జారి ట్యూబు వాల్వు తెగుతుంది. రెండు వెనక టైర్లలో గాలి సమానంగా ఉండాలి. పొద్దున్నే బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. టైర్లో నీళ్లు నింపినవాళ్లు వాల్వు పైకి వచ్చేలా ఆపి చూడండి.

చక్రం జారుతోందో లేదో తెలియాలంటే సుద్దముక్క చాలు. వెనక టైరు మీద గీత పెట్టండి. గొర్రు ఎత్తి ఖాళీగా 10 చుట్లు తిరిగితే ఎంత దూరం వచ్చిందో కొలవండి, 40 మీటర్లు అనుకుందాం. గొర్రు దించి మళ్లీ 10 చుట్లు కొలవండి. 34 మీటర్లు వస్తే నూటికి 15 వంతులు జారినట్టు. అక్కడిదాకా పరవాలేదు. 30 మీటర్లే వస్తే నాలుగో వంతు తిరుగుడు వృథా.

ఆ వృథా ఎవరి జేబులోది? ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగానికి పైగా కౌలు రైతులు. మీరు ట్రాక్టరుకి గంటల లెక్కన బాడుగ ఇస్తున్నారు. చక్రం ఒకచోటే తిరిగిన నిమిషాలకు కూడా మీరే డబ్బు కడుతున్నారు. గాడుల్లో పోయిన పంటా మీదే. కౌలు మాత్రం తగ్గదు.

అలాగని ట్రాక్టరు తమ్ముళ్ల మీద పడితే లాభం లేదు. నేనూ ట్రాక్టరు ఉన్నవాణ్నే. పొద్దున రేపల్లె వైపు ఉప్పు నేలలో పని, మధ్యాహ్నం బాపట్ల పక్క ఇసుక నేలలో దుక్కి, సాయంత్రం తెనాలికి లోడు. పొలంలో గాలి దించితే మళ్లీ ఎక్కించుకోవడానికి మైళ్ల దూరం పంక్చరు షాపుకి పోవాలి. ఆ షాపులో మీటరు లారీ టైర్ల కోసం పెట్టింది, దాని మీద 12కీ 18కీ తేడా సరిగ్గా తెలియదు. మెత్తటి టైర్లతో లోడు లాక్కుంటూ రోడ్డెక్కితే బండి ఊగుతుంది, టైరు వేడెక్కుతుంది. ప్రాణం మీదికి వస్తుంది. అందుకే వాళ్లు ఏడాది పొడుగునా ఒకే గాలితో తిరుగుతారు.

కాబట్టి మనం అడగాల్సింది ప్రభుత్వాన్ని. రైతు సేవా కేంద్రాలు ఊరూరా ఉన్నాయి. ఒక్కోదానికి ఒక చిన్న కంప్రెషరు, తక్కువ పాయింట్లు చూపే ఒక మీటరు ఇవ్వమనండి. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945 నుంచి ఉంది, వ్యవసాయ ఇంజినీరింగు కళాశాలా ఉంది. కోతలకు ముందు ఆ పిల్లల్ని మన ఊళ్లకు పంపి, మన టైర్లు, మన నేల చూసి చెప్పించమనండి. ఈ రెండూ నేటి తీర్మానాల్లో చేర్చాలని అధ్యక్షుల వారిని కోరుతున్నాను.

ఒక మీటరు నేను సంచిలో తెచ్చాను. బయట చెట్టు కింద మూడు ట్రాక్టర్లు ఆగి ఉన్నాయి, టైర్లు ఈపాటికి చల్లారి ఉంటాయి. టీ తాగాక వాటిని చూద్దాం. ముందు నాదే చూడండి.