సోమశిల నీళ్ల చుట్టూ సైకిలు దారులు

(పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా జలదంకిలో జరిగిన సభలో ఒక విశ్రాంత గుమాస్తా చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను అనేది సర్కారు దయతో పెట్టే భిక్ష కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. ఏటా ఈ సభలో కరువుభత్యం బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడుకుంటాం. అవి మాట్లాడుకోవలసినవే. అయితే కార్యదర్శిగారు ఈసారి నాకు వేరే పని అప్పగించారు. "మీరు ఇంకా సైకిలు తొక్కుతున్నారు గదా, సోమశిల వైపు దారుల సంగతి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. సరేనన్నాను.

మనలో చాలామంది ఉద్యోగ జీవితం సైకిలు మీదే గడిచింది. తాలూకా కచేరీల రోజుల్లో సైకిలు అడ్వాన్సు తీసుకుని, నెలనెలా జీతంలో కోయించుకుంటూ బండి కొన్నవాళ్లం. కరణాల దగ్గరికి, జమాబందీకి దాని మీదే పోయాం. 1985లో మండలాలు వచ్చాయి, తర్వాత మోటారు సైకిళ్లు వచ్చాయి, సైకిలు పశువుల కొట్టంలోకి పోయింది. ఇప్పుడు దాన్ని బయటికి తీస్తే ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు. "ఈ వయసులో సైకిలేమిటి నాన్నా, పడితే ఎవరు చూస్తారు?" అంటారు. ఆ మాటలో ప్రేమ ఉంది, భయమూ ఉంది. దానికి నా జవాబు చివర్లో మనవి చేస్తాను. ముందు దారులు చెప్పనివ్వండి.

అమెరికాలో ఉన్న మన పిల్లలు సరస్సుల చుట్టూ సైకిలు తొక్కిన ఫోటోలు పంపుతూ ఉంటారు. అక్కడ ఆరెగాన్ రాష్ట్రంలో క్రేటర్ లేక్ అని ఒకటుంది. మజామా అనే అగ్నిపర్వతం దాదాపు 7,700 ఏళ్ల క్రితం పేలి, శిఖరం లోపలికి కుంగిపోగా ఏర్పడిన గుంట అది. లోతు 594 మీటర్లు. అందులోకి వచ్చే నది లేదు, బయటికి పోయే నదీ లేదు. వాన నీరు, కరిగిన మంచు, అంతే. దాని అంచు మీద 33 మైళ్ల రోడ్డు గుండ్రంగా తిరుగుతుంది. ఎక్కడ ఎక్కితే మళ్లీ అక్కడే దిగవచ్చు. మనం దీన్ని ప్రదక్షిణం అంటాం. అయితే అందులో ఒక చిక్కుంది. సగం దూరం పోయాక ఒంట్లో బాగాలేకపోతే ముందుకు పోయినా అంతే దూరం, వెనక్కి వచ్చినా అంతే దూరం.

మన సోమశిల అలాంటిది కాదు. ఇది అగ్నిపర్వతం చేసిన గుంట కాదు, మనుషులు కట్టిన ఆనకట్ట వెనక నిలిచిన నీరు. నందికొండల్లో పుట్టిన పెన్న కడప వైపు నుంచి వచ్చి, వెలికొండలను చీల్చుకుని మన జిల్లాలోకి దిగే చోట ఆ ఆనకట్ట ఉంది. నిండితే 78 టి.ఎం.సి. నీరు. శ్రీశైలం నుంచి తెలుగు గంగ నీరు దీంట్లోకే వచ్చి, కండలేరు మీదుగా మద్రాసుకు పోతుంది. 1983లో ఒప్పందం జరిగితే 1996లో ఆ నీరు అక్కడికి చేరింది. అంత దూరం ఎందుకు, మన జలదంకి వైపు వచ్చే కావలి కాలువ నీరు సంగం దగ్గర పెన్న నుంచి మళ్లినదే. సోమశిల వదిలితేనే సంగానికి నీరు. కాబట్టి సోమశిలకు సైకిలు మీద పోవడమంటే మన పొలానికి వచ్చే నీటికి ఎదురుగా పోవడమే.

ఈ నీటికి ప్రదక్షిణ దారి ఉందా అని కుర్రవాళ్లు నన్ను అడుగుతుంటారు. గట్టు వెంబడి లేదు. నీరు కొండల సందుల్లోకి చేతివేళ్లలాగా చొచ్చుకుని పోయింది. పెద్ద చుట్టు మాత్రం ఒకటుంది. ఆత్మకూరు నుంచి మర్రిపాడు మీదుగా ఘాటు ఎక్కి బద్వేలు, అక్కడి నుంచి సిద్ధవటం వైపు దిగి, ఒంటిమిట్ట, నందలూరు, రాజంపేట, చిట్వేలి. మళ్లీ ఘాటు దాటి రాపూరు, పొదలకూరు. 2022 సెప్టెంబరులో సంగం బ్యారేజీ ప్రారంభమైనాక దాని మీది వంతెన దాటి సంగం చేరితే ఆత్మకూరు రోడ్డు పట్టుకోవచ్చు. వెలికొండలను రెండుసార్లు దాటే దారి ఇది. పగలు తొక్కి రాత్రి ఆగుతూ పోయే వయసువాళ్లకు, నలుగురైదుగురు కలిసి పోయేటట్టయితేనే చెబుతాను. మర్రిపాడు ఘాటు జాతీయ రహదారి. కృష్ణపట్నం రేవు లారీలు రాత్రీపగలూ నడుస్తాయి. డెబ్బై దాటినవాళ్లు ఆ ఘాటు జోలికి పోవద్దని గట్టిగా చెబుతున్నాను.

మనకు తగినవి పోయి వచ్చే దారులు. రెండు చెబుతాను.

మొదటిది ఆత్మకూరు నుంచి అనంతసాగరం మీదుగా సోమశిల. ఒకవైపు దూరం ముప్పై, నలభై కిలోమీటర్ల మధ్య. సగం దారిలో అనంతసాగరం చెరువు ఉంది. కృష్ణదేవరాయల కాలం నాటిదని ప్రతీతి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి నాలుగు వారాలు అక్కడికే పోయి, చెరువు కట్ట మీద ఇడ్లీ తిని తిరిగి రావాలి. అది తేలికైనాక సోమశిల. పోయేటప్పుడు ఎత్తు కొంచెం కొంచెంగా పెరుగుతుంది. వచ్చేటప్పుడు దిగుడు మనకు కలిసివస్తుంది. అలసిన కాళ్లకు ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు.

రెండోది మన జలదంకి నుంచి కలిగిరి, వింజమూరు మీదుగా ఉదయగిరి. దీన్ని ఒక్క రోజులో చేయవద్దు. ఉదయగిరిలో రాత్రి ఆగి మరునాడు రావాలి. దారిలో కలిగిరి మండలం దూబగుంట. అక్షరాస్యత చదువుల నుంచి లేచిన ఆడవాళ్లు 1992లో సారాకు ఎదురు తిరిగింది ఆ ఊళ్లోనే. మరుసటి ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. మనవలను వెంట తీసుకుపోతే ఆ ఊరి దగ్గర ఆగి ఈ ముక్క చెప్పండి. ఉదయగిరి కొండ 3,079 అడుగులు. గజపతుల చేతిలోని ఆ దుర్గాన్ని కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో గెలిచాడు. కొండ పైకి కాలినడకే, సైకిలు కింద పెట్టాలి. ఊళ్లో కొయ్య గరిటెలు చెక్కే కుటుంబాలున్నాయి. ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒక గరిటె కొని ఇంటికి తెస్తే మళ్లీ పోవడానికి అనుమతి సులభంగా దొరుకుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా పోలేను. 1970లలో నేను కొంతకాలం భూసేకరణ పని చూసే ఒక కచేరీలో రికార్డులు రాశాను. ముంపు ఊళ్ల జాబితాలు నా చేతి మీదుగా పోయాయి. ఇల్లు ఎన్ని అంకణాలు, బావి ఎంత లోతు, చింతచెట్టు కాపుకొచ్చిందా లేదా, అన్నింటికీ ఫారంలో గళ్లుండేవి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయే దారికి గడి లేదు. దారి సర్కారు పోరంబోకు గనుక దానికి పరిహారం అందుకునే మనిషి లేడు. కానీ ఆడబిడ్డను ఇచ్చిన ఊరికి, సంతకు, తిరునాళ్లకు పోయింది ఆ దారినే. కడప వైపు ఎన్నో ఊళ్లవాళ్లు లేచిపోతే మన వైపు డెల్టాకు నీరు నిలిచింది. సోమశిల గట్టు మీద ఫోటో తీసుకునే పిల్లలకు మనం చెప్పవలసింది ఇదే. ప్రదక్షిణ దారి మనకు ఎందుకు లేదంటే, ఆ ఊళ్లను కలిపిన దారులు నీటి అడుగున ఉన్నాయి.

ఇక జాగ్రత్తలు. తొక్కడానికి మంచి కాలం డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఎండాకాలం పడమటి గాలి వడదెబ్బ కొడుతుంది, పైగా ఎదురుగాలి. తుఫాను రోజుల్లో చప్టా మీద నీరు పారుతుంటే, అది మోకాటి లోతే అనిపించినా దిగవద్దు. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పెన్నకు ఎలాంటి వరద వచ్చిందో మీరందరూ చూశారు.

మొదలుపెట్టేముందు డాక్టరుకు చూపించుకోండి. బి.పి., షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు వేళ తప్పించవద్దు. జేబులో చక్కెర పొట్లం, మందుల చీటీ, ఇంటివాళ్ల ఫోను నంబరు రాసిన కాగితం ఉండాలి. గుండెల్లో బరువుగా ఉన్నా, కళ్లు తిరిగినా వెంటనే దిగి కూర్చోండి. మగతనం చూపించుకునే చోటు కాదది. సీటు కిందికి దించుకుని, కాలు నేలకు ఆనేటట్టు పెట్టుకోండి. కాలు ఎత్తి వేయలేనివారు లేడీస్ సైకిలు తొక్కండి, నామోషీ ఏమీ లేదు. పాత రాడ్డు బ్రేకులు తడిస్తే పట్టవు. బయలుదేరేముందు కట్టెలు చూసుకోండి. వెనక రేడియం స్టిక్కరు అతికించండి. ఒంటరిగా పోవద్దు. అన్నింటికంటే ముఖ్యం, ఎక్కడ వెనక్కి తిరగాలో ఇంట్లో బయలుదేరేటప్పుడే అనుకోండి. పోయి వచ్చే దారిలో ఉన్న సుఖం అదే. ఏ మైలురాయి దగ్గరైనా తిరిగి రావచ్చు.

ఇప్పుడు ఇంట్లోవాళ్లకు నా జవాబు. అమ్మా, అయ్యా, పడతామన్న భయం మాకూ ఉంది. పడే అవకాశం లేదని నేను చెప్పను. కానీ కూర్చోబెట్టినంత మాత్రాన ముసలితనం ఆగదు. మోకాళ్లు బిగుసుకుంటాయి, అంగడికి పోవాలన్నా మనవడి బండి కోసం ఎదురుచూడాలి. తన పనికి తాను పోయి రాగలగడం చిన్న విషయం కాదు. పింఛను మనకు ఇచ్చిన మర్యాద కూడా అదే గదా, ఒకరి ముందు చేయి చాపకుండా బతకడం. మేం బతికున్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్టు ఇస్తున్నాం. ఆ కాగితం ట్రెజరీకి చాలు, మా ఒంటికి చాలదు. అందుకని కొట్టంలో ఉన్న సైకిలును పాత ఇనుపసామానువాడికి వేయకండి. ఒక కొత్త ట్యూబు వేయించి, మొదటి రెండు వారాలు మీరూ పక్కన తొక్కండి. అప్పుడు భయం ఉండవలసినంతే ఉంటుంది.

సంఘానికి నాదొక ప్రతిపాదన. ప్రతి నెలా మొదటి ఆదివారం ఉదయం 6 గంటలకు ఆత్మకూరులో కలుద్దాం. అనంతసాగరం దాకా పోయి ఎండెక్కకముందే తిరిగి వద్దాం. వెనక ఒక ఆటో వస్తుంది, ఖర్చు తలా కొంత వేసుకుందాం. పేర్లు కార్యదర్శిగారి దగ్గర రాయించండి. మొదటి పేరు నాది రాసుకోవలసిందిగా మనవి.