పూలమడి దగ్గర మా మాట
(బతుకమ్మ సంబరాల్లో గుడి పుష్పసేవ మహిళల ప్రసంగం)

ఈరోజు బతుకమ్మలో పేర్చిన బంతి, చామంతి మన గుడి వెనుక పూలమడిలో పూసినవే. తంగేడు ఈ ఇంగ్లండు చలికి రాదు కదా! ఆ మడిని చూసుకునే మేం ముగ్గురం రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స చేయించుకున్నవాళ్లమే.

కీమో జరిగిన నెలల్లో మట్టి ముట్టుకోవద్దన్నారు. ఒంట్లో తెల్లకణాలు తగ్గి ఇన్‌ఫెక్షన్ సులువుగా సోకుతుందట. అప్పుడు మేం కుర్చీలో కూర్చుని చెబుతుంటే పిల్లలు నారు నాటారు. చంకలోని లింఫ్ గ్రంథులు తీసేశాక ఆ చేతికి చిన్న ముల్లు గుచ్చుకున్నా వాపు రావచ్చు. అందుకే ఇప్పటికీ మందపాటి గ్లవ్స్ లేనిదే గులాబీల జోలికి వెళ్లం.

భయం పోయిందా అని అడుగుతారు. పోలేదు. మామోగ్రామ్‌కు ముందు రాత్రి నిద్ర పట్టదు. అయినా పొద్దున లేచి మొక్కలు చూసుకోక తప్పదు. ఆ పనే మమ్మల్ని మంచం మీంచి లేపింది.

అక్కల్లారా, చెల్లెళ్లారా, ఒక్క మాట. 50-53 ఏళ్ల మధ్య మొదలై 71 వరకు మూడేళ్లకోసారి ఎన్‌హెచ్‌ఎస్ నుంచి పరీక్షకు ఉత్తరం వస్తుంది. సిగ్గుపడి దాన్ని సొరుగులో దాచకండి. 71 దాటినవారు అడిగి చేయించుకోవచ్చు. గడ్డ, చర్మంలో సొట్ట, చనుమొనలో మార్పు కనిపిస్తే, ఏ వయసైనా సరే, ఉత్తరం కోసం ఆగకుండా జీపీ దగ్గరికి వెళ్లండి. అరుదుగానైనా మగవాళ్లకూ ఈ జబ్బు వస్తుంది.

ఒంటరిగా వెళ్లడానికి జంకితే మాకు చెప్పండి, తోడు వస్తాం. శనివారం పొద్దున మేం మడి దగ్గరే ఉంటాం.