డీజిల్‌కు తోడుగా ఎండ

లక్షద్వీప్‌లో జనం ఉండేది 10 దీవుల్లో. దేశంలోని కరెంటు లైన్లేవీ సముద్రం దాటి అక్కడికి వెళ్లవు. ఎప్పటినుంచో ఏ దీవికి ఆ దీవిలోనే డీజిల్ జనరేటర్లు తిరుగుతున్నాయి. ఆ డీజిల్‌ కూడా ఓడెక్కి రావలసిందే.

మరి ఎండకు కొదవలేని చోట సోలార్ పలకలు పెట్టేస్తే సరిపోదా? అంత తేలిక కాదండీ. మిట్టమధ్యాహ్నం పలకలు బాగా పనిచేస్తే జనరేటర్ మీద లోడు పడిపోతుంది. సామర్థ్యంలో మూడో వంతు కూడా లేని లోడుతో గంటల తరబడి తిరిగితే ఇంజిన్ సరిగా వేడెక్కదు. డీజిల్ పూర్తిగా మండదు. పొగగొట్టంలో జిడ్డుమసి పేరుకుంటుంది. యూనిట్‌కు కాలే డీజిల్ కూడా పెరుగుతుంది. పోనీ ఇంజిన్ ఆపేద్దామా అంటే, దట్టమైన మబ్బు ఒక్కటి అడ్డొస్తే చాలు, ఊరంతా కరెంటు పోతుంది.

అక్కడే బ్యాటరీ అవసరం. మబ్బు కమ్మిన క్షణంలోనే కరెంటు అందించి, జనరేటర్ అందుకునేదాకా అది నిలబెడుతుంది. 2024 జనవరిలో కవరత్తి దీవిలో బ్యాటరీతో కూడిన సోలార్ ప్లాంటు ప్రారంభమైంది. లక్షద్వీప్‌లో అలాంటిది అదే మొదటిది. మిగతా దీవుల్లోనూ పలకల లెక్క కంటే ముందు బ్యాటరీకీ, దాన్ని చూసుకునే స్థానిక యువతకు శిక్షణకీ డబ్బు కేటాయించాలని నా గట్టి అభిప్రాయం.