మన అన్నము – మన అలవాట్లు

ఆరోగ్యమును గూర్చిన ప్రసంగము ఏది ప్రసారమైనను, పిదప శ్రోతల యొద్దనుండి మాకు వచ్చు జాబులలో ఎక్కువ భాగము ఒకే తీరు ప్రశ్నల నడుగును. ఏ మందు మంచిది? ఏ లేహ్యము బలము నిచ్చును? ఏ ఆకు నమిలిన చక్కెర వ్యాధి తగ్గును? తాము ప్రతిదినము ఏమి తినుచున్నారో, ఎంతసేపు కూర్చుండుచున్నారో, ఏ వేళకు నిద్రించుచున్నారో వ్రాయువారు అరుదు. మందు ఎప్పుడో ఒకప్పుడు పుచ్చుకొందుము. అన్నము రెండు పూటల తినుచున్నాము. కావున నేడు మందుల మాట కొంత ప్రక్కనుంచి, మన విస్తరిలోని అన్నమును గూర్చి ముచ్చటింతము.

వరిగింజకు పైనున్నది ఊక. దాని క్రింద గోధుమవన్నె గల పలుచని పొర, ఒక కొనయందు మొలకెత్తు అంకురము ఉండును. ఈ రెండును రాలినప్పుడు తవుడగును. థయామిన్ అను బి-1 విటమిను, పీచు, కొంత ఇనుము ఎక్కువగా ఇందే కలవు. లోపల మిగులు తెల్లని భాగము చాలవరకు పిండిపదార్థమే. రోటిలో దంచిన బియ్యమున ఈ పొర కొంత నిలిచెడిది. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో మన డెల్టాలయందు బియ్యపు మరలు వ్యాపించిన కొలదిని, బియ్యము తెల్లనాయెను. తవుడు పశువుల కుడితిలోనికి పోయెను.

పోయినదేమో లోకమునకు తెలిసిన తీరు విచిత్రమైనది. 1890 ప్రాంతమున జావా ద్వీపములోని బటేవియా నగరమున, అనగా నేటి జకార్తాయందు, ఐక్మన్ అను డచ్చి వైద్యుడు బెరిబెరి వ్యాధికి కారణమును వెదకుచుండెను. కాళ్లు తిమ్మిరెక్కి పట్టుతప్పుట, కొందరికి దేహము ఉబ్బి గుండె బలహీనమై ప్రాణము పోవుట ఆ వ్యాధి లక్షణములు. ఏదియో సూక్ష్మక్రిమియే దీనికి మూలమని నాటివారి నమ్మకము. ఇంతలో పరిశోధనాలయమునందలి కోళ్లకే కాళ్లు తూలసాగెను. కొన్ని మాసములకు అవి వాటంతటవియే కోలుకొనెను. విచారింపగా, నడుమ కొంతకాలము వాటికి సైనిక వైద్యశాల వంటయింట మిగిలిన తెల్లని అన్నము పెట్టినట్లు తేలినది. క్రొత్తగా వచ్చిన వంటవాడు సైనికుల అన్నము కోళ్లకేల యని నిలిపివేయగా, వాటికి మరల ముడిబియ్యము దొరకినది. తెల్లని బియ్యమున విషమేదియో కలదని ఐక్మన్ తొలుత తలచెను. విషము లేదనియు, తవుడుతో పోయిన పదార్థము లోపించుటయే రోగమనియు 1901లో గ్రిన్స్ అను వైద్యుడు తెలిపెను. ఐక్మన్‌కు 1929లో నోబెల్ బహుమానము లభించెను.

ఇది మనకు దూరపు కథ కాదు. నాటి మదరాసు రాజధానిలో బెరిబెరి ప్రధానముగా కనబడినది ఉత్తర సర్కారులయందే, అనగా మన కోస్తా తెలుగు జిల్లాలయందే. దక్షిణమున అరవ జిల్లాలవారును వరియన్నమే తినెడివారు, మరబియ్యమే వాడెడివారు. ఐనను వారికి ఈ బాధ లేకుండెను. ఏల? వారు తినునది ఉప్పుడు బియ్యము. మనవారు తినునది పచ్చిబియ్యము. కూనూరు పోషకాహార పరిశోధనాలయమునకు 1935 మొదలు అధ్యక్షుడుగా నుండిన ఎక్రాయిడ్, ఆయన సహచరులు ఈ భేదమును పరిశీలించిరి. వడ్లను నానబెట్టి ఆవిరి పట్టునప్పుడు పై పొరలోని విటమిను కొంత గింజ లోపలికి దిగును. పిదప మరపట్టినను అది పూర్తిగా పోదు. వండు పద్ధతిలో గాక, వడ్లను సిద్ధపరచు పద్ధతిలోని చిన్న భేదము వేలమంది కాళ్లను కాపాడినది. ఆ కూనూరు పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేర నెగడుచున్నది.

మిగిలిన విటమినును సయితము మన చేతులతో పారబోయుచున్నాము. బి-1 నీటిలో కరగును. తెల్లని నీరు తేరువరకు నాలుగైదు మార్లు బియ్యము కడిగినచో కొంత, గంజి వార్చినచో మరికొంత పోవును. మన పెద్దలు గంజిని పారబోయువారు కారు. ఉప్పువేసి త్రాగెడివారు, తరవాణి కుండలో పోసెడివారు. విటమిను పేరు వారికి తెలియదు గాని, అన్నములోని సారమేదియో అందులోనికి దిగినదని తెలియును. గంజి వార్చిన అన్నము చక్కెర వ్యాధి గలవారికి హాని చేయదని నేడు కొందరు నమ్ముచున్నారు. అది సరికాదు, వార్చిన పిదపను అన్నమున పిండిపదార్థమే అత్యధికముగా నిలిచియుండును.

బెరిబెరి నేడు మన యిండ్లలో వినబడని మాట. దాని స్థానమున మరియొకటి వచ్చినది. 2023లో ప్రకటితమైన భారత వైద్య పరిశోధన మండలి సర్వే దేశమున 10 కోట్ల 10 లక్షలమందికి మధుమేహము కలదని అంచనా వేసినది. దీనికి కారణములు పెక్కు; వంశము ఒకటి, స్థూలకాయము ఒకటి. కాని తినునదియు, చేయు పనియు ఇందు ముఖ్యములు. తెల్లని అన్నము త్వరగా జీర్ణమై రక్తమున చక్కెరను త్వరగా పెంచును. ఆ చక్కెరను ఖర్చుచేయవలసినవి కండరములు. వడ్లు దంచిన చేతులకు, నీరు మోసిన భుజములకు, పొలము నడచిన కాళ్లకు ఆ పని యుండెను. మర మనవద్దనుండి తవుడు నొక్కదానినే గాక, దంచు శ్రమను గూడ తీసికొనిపోయినది. ఆ శ్రమ తప్పుట స్త్రీలకు గొప్ప ఊరట. రోకలిని మరల వారి చేతికిమ్మని మేము చెప్పము. శ్రమ తగ్గినను కుంచము తగ్గలేదు; మేము చెప్పునది అంతియే.

ఇందు మేము ఇతరులకు నీతులు చెప్పుటకు తగినవారము కాము. మల్లెపూవు వంటి అన్నము అతిథికి వడ్డించుట మర్యాద యని మేమును పెరిగినవారమే. ముతక అన్నము లేమికి గుర్తని నమ్మినవారమే. దంపుడు బియ్యము తొలిసారి వండిననాడు మా యింటిలో ఎవ్వరును మారు వడ్డించుకొనలేదు. అలవాటు మార్చుట రుచిని మాత్రమే మార్చుట కాదు, మర్యాదను గూర్చిన భావమును మార్చుట గూడ. కావుననే అది కష్టము.

కష్టమైనను కొంచెము కొంచెముగా సాధ్యమే. దంపుడు బియ్యమును తెల్లని బియ్యముతో కలిపి వండుకొనవచ్చును. బియ్యమును ఒకటి రెండు మార్లు కడిగిన చాలును. అత్తెసరు పెట్టినచో గంజి పోదు. ముడిబియ్యమైనను బియ్యమే; కొలత మరువరాదు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనలు ధాన్యముల నుండి వచ్చు శక్తి మొత్తము శక్తిలో 45 శాతము మించరాదని చెప్పుచున్నవి. అనగా విస్తరిలో అన్నము తగ్గి, పప్పు, కూర, ఆకుకూర, మజ్జిగ పెరుగవలెను. మన విస్తరిలో కూర నంజుకొనుటకు మాత్రమే యున్నది; కూరకు తోడుగా అన్నము తినుట నేర్వవలెను. వారమున కొన్ని పూటలు జొన్నరొట్టె, రాగిసంకటి మనకు క్రొత్త కాదు. రాయలసీమ, తెలంగాణముల వారికి అవి తాతలనాటి తిండి.

ఊరగాయ, అప్పడము, వడియము ఒకే పూట చేరినచో ఉప్పు మితిమీరును. దినమునకు 5 గ్రాములకు, అనగా ఒక చిన్న చెమ్చాకు, లోపుగా ఉప్పు ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. భోజనము ముగియగనే కాఫీ త్రాగుట ఆహారములోని ఇనుమును దేహమునకు అందనీయదు. పప్పులో పిండిన నిమ్మరసము దానిని అందించును. రక్తహీనతతో బాధపడు స్త్రీలు, అందరి తరువాత మిగిలినది తిను ఇల్లాండ్రు, ఈ సంగతి ముఖ్యముగా గమనింపదగినది. వారికి కూర మిగులునట్లు చూచుట తక్కినవారి పని.

రాత్రి భోజనమైన వెంటనే పడక చేరక, వీథి చివరివరకు నడచి రండు. వారమునకు 150 నిమిషముల చురుకైన నడక పెద్దవారికి కనీసమని వైద్యులు చెప్పుచున్నారు. దినమునకు ఇరువది నిమిషములు పైన కొంచెము. ఈ మాటలు విని, వాడుచున్న మందులను ఎవ్వరును మానరాదు. అన్నము మార్చుకొనువారు, ముఖ్యముగా మధుమేహమునకు మందు పుచ్చుకొనువారు, తమ వైద్యునకు ఆ సంగతి తెలుపవలెను.

రేపు బియ్యము కడుగునప్పుడు గిన్నెలోని తెల్లని నీటిని ఒక్క క్షణము చూడుడు. ఇకపై మాకు జాబు వ్రాయు శ్రోతలు ఏ మందు మంచిదని అడుగుటకు ముందు, తమ యింట ఆ దినము వండినదేమో, దానిలో ఎవరెంత తినిరో వ్రాయవలెనని మా కోరిక.