గాజుపాత్రలో మాయకణాలు

కరీంనగరం పల్లెలలో గాని, ఆదిలాబాదు గూడేలలో గాని పాడిపశువున్న ఇంటికి వెళ్ళితే ఒక మాట తరచు వినవస్తుంది: "ఈసారి గూడ బర్రె తిరగబొర్లింది." ఎదకు వచ్చిన పశువుకు సకాలంలోనే కృత్రిమ గర్భధారణ చేయించారు. ఇరువది యొకటవ రోజు ప్రాంతాన అది మరల ఎదకు వచ్చింది. మూడు వారాల మేత వృథా అయినది. పాడి మరింత దూరమైనది. ఇక నిందలు మొదలవుతాయి. రైతు గోపాలమిత్రను అంటాడు. గోపాలమిత్ర వీర్యాన్ని శంకిస్తాడు. చివరకు నోరులేని పశువు గొడ్డుబోతన్న పేరు మోసికొని సంతకు పోతుంది.

ఈ ముగ్గురిలో ఎవరి దోషమూ లేకపోవచ్చును. ఆవులమీద జరిగిన పరిశోధనలను బట్టి, అండం ఫలించడం పదింట ఎనిమిది తొమ్మిది మార్లు జరుగుతూనే ఉన్నది. ఈనేవరకు నిలిచేవి మాత్రం ఇంచుమించు సగమే. పోయినవానిలో అధికభాగం మొదటి మూడు వారాలలోనే పోతున్నవి. అనగా, పశువు చూడి కట్టలేదని మనమనుకొన్నప్పుడు, తరచు అది కట్టి కూడ నిలువలేదన్నమాట.

ఆ మూడు వారాలలో ఏమి జరుగుతుంది? మానవ పిండం మొదటి వారం దాటకముందే గర్భాశయపు గోడను అంటుకొంటుంది. ఆవు పిండానికి అంత తొందర లేదు. ఎనిమిది తొమ్మిది రోజులకు తన పైపొరను చీల్చుకొని వెలువడి, గర్భాశయంలో తేలుతూ పెరుగుతుంది. ఆవగింజకంటె చిన్నదైన ఆ బంతి పదహారు పదిహేడు రోజులకు పది సెంటీమీటర్లు దాటిన సన్నని దారంగా సాగుతుంది. ఆ దారంలో దూడ కాబోయేది ఒక చుక్క మాత్రమే. తక్కినదంతా ఈనిన తరువాత పశువు వేసే మాయకు మూలమైన కణజాలం. ఆ కణాలకు ట్రోఫోబ్లాస్టు కణాలని పేరు.

ఈ కణాలు ఇంటర్‌ఫెరాన్ టౌ అనే మాంసకృత్తును స్రవిస్తాయి. "నేనున్నాను, మరల ఎదకు రావద్దు" అని బిడ్డ తల్లికి పంపే కబురు అదే. గర్భాన్ని నిలిపే హార్మోనును ఇచ్చే గడ్డ ఒకటి అండాశయం మీద ఉంటుంది. ఈ కబురు అందితే ఆ గడ్డ కరగకుండ నిలుస్తుంది. అందకపోతే అది కరగి, పశువు మరల ఎదకు వస్తుంది. 1982 లో గొర్రె పిండాలనుండి వేరుచేసిన మాంసకృత్తు ఈ జాతిదేనని 1987 లో తేలింది.

అయితే కడుపులోని కబురును వినడమెట్లా? అందుకే శాస్త్రజ్ఞులు ఆ కణాలను బయట పెంచడానికి పూనుకొన్నారు. కబేళాలో లభించే అండాశయాలనుండి అండాలను తీసి, పాత్రలో పండించి, ఫలింపజేసి, 38.5 డిగ్రీల సెంటీగ్రేడు వెచ్చదనంలో ఏడెనిమిది రోజులు పెంచుతారు. ఆ పిండాన్ని, పోషణకై పరచిన వేరే కణాల పొరమీద ఉంచుతారు. అది అంటుకొని, దాని బయటి కణాలు పలుచని తెరవలె వ్యాపిస్తాయి. అమెరికాలోని బెల్ట్స్‌విల్ పరిశోధకులు 2000 లో ఆవు పిండాలనుండి ఇట్టి కణాలను పెంచినట్లు ప్రకటించారు. 1990 లో పరీక్షనాళిక పద్ధతిన తొలి గేదెదూడను పుట్టించిన కర్నాలు జాతీయ పాడి పరిశోధన సంస్థవారు, 2015 లో గేదె పిండాలనుండి కూడ, క్లోనింగు పిండాలతో సహా, ఈ కణాలను పెంచి పరిశీలించారు. క్లోనింగు గర్భాలు విఫలం కావడానికి మాయలోని లోపాలు ఒక ముఖ్యకారణం గనుక ఈ పోలిక విలువైనది.

పాత్రలోని కణాలు మాయ కావు. అక్కడ తల్లి గర్భాశయం లేదు. అవి నేడే రైతుకు మందు నీయలేవు. కాని ఏ కొరత వలన కబురు బలహీనమవుతుందో, ఏ వేడికి కణాలు దెబ్బతింటాయో, బ్రతికిన పశువును బాధించకుండ పరీక్షించే వీలు కల్పిస్తాయి. కరీంనగరంలో ఘనీభవించిన వీర్యాన్ని తయారుచేసే కేంద్రమున్నది. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నది. వీర్యం మీద మనం చూపిన శ్రద్ధ ఇక పిండం మీద కూడ చూపవలసి ఉన్నది.

అంతవరకు రైతు చేయగలిగినది కొంత కలదు. గర్భధారణ జరిగిన తేదీ వ్రాసి ఉంచుకొని, 18 నుండి 24 వ రోజు వరకు పశువును ఉదయం, సాయంత్రం కనిపెట్టి చూడవలెను. రామగుండం ఎండలు మీకు తెలియనివి కావు. మొదటి రోజులలోని వేడి లేత పిండాన్ని చంపగలదు. నీడ, చల్లని నీరు, ఖనిజ లవణాలు తప్పనిసరి. మూడుమార్లు తిరగబొర్లితే పశువైద్యునికి చూపించండి. సంతకు తోలడం ఆ తరువాతి ఆలోచన.